నలభై ఏడో నంబరు కొలత

"చదువు."

అబ్దుల్ గనీ కొలతల బుక్కును బల్ల మీదికి విసిరాడు. అది రెండు దారపు ఉండలను కిందికి దొర్లించి, షబీనా ముందు వచ్చి ఆగింది.

నిన్న సాయంత్రం నుంచి తండ్రి ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఏం చదవాలె అబ్బా?"

"నలభై ఏడు. తియ్యి. నిన్న మైకుల ఊరందరు విన్నరు. నా ఇంట్ల నేను వినొద్దా?"

"మైకుల చదివింది నేను కాదు. సంజీవ సారు."

"రాసిందెవరు? సంజీవ సారు వచ్చి పరదా లోపల టేపు పట్టిండా?"

షబీనా కింద పడ్డ దారపు ఉండల్ని ఏరుకుంటూ కూర్చుంది.

గనీకి తెలుగు చదవడం రాదు. బుక్కులో అంకెలు ఉర్దూలో వేస్తాడు. ఆడవాళ్ల కొలతలు పరదా లోపల షబీనా తీసి గట్టిగా చెబుతుంది, పరదా బయట కూర్చుని ఆయన రాసుకుంటాడు. తల్లి ఖమర్ బీకి చూపు మందగించినప్పటి నుంచి, ఐదేళ్లుగా అదే పద్ధతి. కూతురు కథలు రాస్తుందని ఆయనకు తెలుసు. ఏం రాస్తుందో నిన్ననే తెలిసింది.

డోర్నకల్ బజారులో వాళ్ల దుకాణానికి ఎదురుగానే తెలంగాణ కోసం వేసిన సమ్మె టెంటు. బడి మూసి సమ్మెలో కూర్చున్న తెలుగు పంతులు సంజీవ సారు, నిన్న సాయంత్రం, జనగామలో అచ్చు వేయించి తెచ్చిన ఉద్యమ పత్రిక ప్రత్యేక సంచికను మైకు ముందు పట్టుకుని, "మన ఊరి ఆడబిడ్డ రాసిన మొదటి కథ" అని మొదలుపెట్టాడు. గనీ పాదం మిషను తొక్కుడు మీద అట్లాగే ఆగిపోయింది. కథ అయ్యేదాకా కదల్లేదు.

కథలో ఒక దర్జీ కూతురు ఉంటుంది. మూడు నెలలకోసారి ఒకామెకు కొలతలు తీస్తుంది. ముప్పై నాలుగు ఉన్న ఛాతీ ముప్పై రెండు అవుతుంది, ముప్పై అవుతుంది, ఇరవై ఎనిమిది అవుతుంది. ఎందుకక్కా అని అడిగితే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, తెలంగాణ వచ్చేదాకా ఒక్క పూటే తింటానని మొక్కుకున్నానంటుంది. అక్కడ కథ అయిపోతుంది. టెంటు టెంటంతా లేచి చప్పట్లు కొట్టింది.

షబీనా కథలో ఆమె అసలు పేరు రాయలేదు. ఊరు మార్చింది, చీర రంగు మార్చింది. మనిషిని మాత్రం నలభై ఏడో నంబరు అని రాసింది. దుకాణం బుక్కులో ఆమె ఇంటి నంబరు అదే. పేరు లేకుంటే మనిషి తెలియదనుకుంది. ఆ నంబరు చీటీ పిన్ను పెట్టిన బట్టలు పన్నెండేళ్లుగా బజారంతా దాటుకుని కొండల్ ఇంటికి పోతున్నాయన్న సంగతి, ఆ ఇంటి పాలేరు రోడ్డు మీది నుంచే "నలభై ఏడు అయ్యిందా గనీ భాయ్" అని కేక వేస్తాడన్న సంగతి రాసేటప్పుడు ఆమెకు తట్టలేదు. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మందికి ఆ నంబరు ఎవరిదో తెలుసు. దీక్షా కమిటీకి పెద్దయిన కొండల్ భార్యది. రాజమణిది.

"ముప్పై రెండేండ్లు," అన్నాడు గనీ. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే షబీనాకు ఎక్కువ భయం. "ముప్పై రెండేండ్లు మెడల టేపు ఏసుకున్న. ఎవరికి నెల తప్పిందో ఆమె మొగనికన్న ముందు నాకెర్క. చేతులు మోచెయ్యి దాక కుట్టుమంటే ఎందుకు కుట్టుమంటున్నరో నాకెర్క. ఒక్కనాడు మీ అమ్మకన్న చెప్పిన్నా?"

"చెప్పలే," వంటింట్లోంచి ఖమర్ బీ అంది. "నాకైతే ఈదు పండుగకు జాకెట్ కుడుతున్నవా లేదా అనేది కూడా ఈదు ఎల్లినంకనే చెప్తడు."

"నువ్వు జర ఊకో."

"నేనెందుకు ఊకోవాలె? పిల్ల తప్పు చేసింది, ఒప్పుకుంట. అట్లని నువ్వు నిన్నటి సంది అన్నం ముట్టకపోతె సంపుకుంటవా దాన్ని? మొగుళ్లపల్లిల మా అక్క ఉన్నది. బస్సెక్కియ్యి. నెల దినాలు పత్తి ఏరుకుంట ఆడనే ఉంటది. ఊరు మర్చిపోతది."

"నేను పోను," అంది షబీనా.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. అన్నం పెడితే తిని, బట్ట ఇస్తే కుట్టి, కిటికీ పక్కన కూర్చుని రాసుకునే పిల్ల. ఆ నోటి నుంచి ఆ మాట వాళ్లకు కొత్త.

"పోవా?" గనీ లేచి నిలబడ్డాడు. "రేపు ఏ ఆడామె నా పరదా ఎనుకకు వస్తది? ఆ కొండల్ ఇప్పుడే వస్తడు. కత్తెర తీసుకొని నా మిషను బెల్టు కోసి పోతడు. నేను ఏమనాలె? తప్పైంది కొండలన్నా, నా బిడ్డ రచయిత అయింది, జర మాఫ్ చెయ్యి అనాల్నా?"

కొండల్ నిజంగానే వచ్చాడు.

తెల్ల చొక్కా, మెడలో కండువా, వెనుక ఇద్దరు మనుషులు. గనీ రెండు చేతులూ కట్టుకుని బల్ల పక్కకు జరిగాడు. ఖమర్ బీ కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు పోయింది.

కొండల్ చెప్పులు గుమ్మం ముందు వదిలి, నేరుగా వచ్చి గనీని కావలించుకున్నాడు.

"ఏం బిడ్డను కన్నవు గనీ భాయ్! ఊరంత నా ఇంటి దిక్కే చూస్తున్నది. పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. మానుకోట నుంచి, జనగామ నుంచి. నీ ఇల్లాలు తెలంగాణ కోసం ఒక్క పూట తింటున్నదట గదా అన్నా అని. నాకే చెప్పకపాయె చూడు!"

నవ్వుతూనే షబీనా వైపు తిరిగాడు. నవ్వు మూతి దగ్గరే ఆగింది.

"రేపు పొద్దుగాల పదింటికి రాజమణిని టెంట్ల కూసోబెడుతున్నం. ఒక్క పూట లేదు, రెండు పూటలు లేదు. ఆమరణ దీక్ష. నువ్వొచ్చి నీ నోటితోనే ఆ కథ చదవాలె షబీనా. కొత్త జాకెట్ కావాలె, తెల్లది. మధ్యాహ్నం మా అమ్మ ఆమెను తోలుకొస్తది. కొలత తీసుకో."

"ఆమరణ దీక్షనా?" అంది షబీనా. "ఆమె తట్టుకోలేదు."

"ఎందుకు తట్టుకోదు? అలవాటైన పాణమే గదా," అన్నాడు కొండల్ చెప్పులు వేసుకుంటూ. "నువ్వే రాసినవ్."

వాళ్లు రోడ్డు దాటి టెంటులోకి పోయారు. ముందు ఖమర్ బీయే తేరుకుంది.

"అల్లా కాపాడిండు. నేను కత్తులతోని వస్తడనుకున్న. కావలించుకొని పాయె."

"అమ్మీ, ఆమె మొక్కుకోలే," అంది షబీనా. "మొన్న కొలతకొచ్చినప్పుడు నువ్వు చాయిలకు రెండు రొట్టెలిచ్చినవ్ గదా. పరదా ఎనుక నిలబడే తిన్నది. నేను టేపు చుట్టి పెట్టేలోపల రెండూ అయిపోయినయ్. వేళ్లు నాకి, ఇంకోటి ఉన్నదా అని అడిగింది. ఇంట్ల బియ్యం అర్రకు తాళమేసిన్రట. తల్లిగారూరు తరిగొప్పులల వాళ్లమ్మ ఇచ్చిన రెండెకరాలు మొగని పేరు మీద చేసేదాక ఆ తాళం తియ్యరట."

ఖమర్ బీ గోడకు ఆనుకుంది.

"నాకెర్కే," అన్నాడు గనీ.

షబీనా తండ్రి ముఖంలోకి చూసింది.

"ఎర్కనా?"

"తాళం సంగతి కాదు. తిండి లేదని ఎర్క. మొక్కుకున్న మనిషి కొలత గట్ల దిగదు. ఏడాదిల ఆరు ఇంచులు."

"ఎర్కై ఊకున్నవా?"

"నా పని బట్టలు కుట్టుడు."

"నిన్నటి సంది నా మీద గింత కోపమెందుకు మరి?" షబీనా లేచింది. చేతిలోని దారపు ఉండలు మళ్లీ దొర్లిపోయాయి. "పరదా లోపలిది బయట పెట్టినననే గదా? నేనెక్కడ బయట పెట్టిన అబ్బా? బయట పెడితె కొండల్ నిన్ను కావలించుకుంటుండెనా? నువ్వు చూసి నోరు మూసుకున్నవ్. నేను చూసి అబద్ధం రాసిన. ఇద్దరం కలిసి ఆమెను ఆ టెంట్ల కూసోబెడుతున్నం."

గనీ చెయ్యి లేచింది. కాసేపు గాలిలోనే ఉండి, వచ్చి బల్ల మీద కత్తెర పక్కన పడింది.

షబీనా తన నోటుబుక్కు తీసుకుని రోడ్డు దాటింది.

రెండు రోజులుగా స్టేషను దిక్కు నుంచి ఒక్క కూత లేదు. బండ్లు ఆగిపోతే డోర్నకల్‌లో మనుషులు మాట్లాడుకునేది రోడ్డు అవతలికి కూడా వినిపిస్తుంది. టెంటులో పాట నడుస్తోంది. సంజీవ సారు ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పత్రికల కట్టలు విప్పుతున్నాడు.

"రా షబీనా! వంద కాపీలు అయిపోయినయ్ తెలుసా?"

"సారూ, ముగింపు అబద్ధం."

ఆయన నవ్వాడు. "కథన్నాక కల్పన ఉంటది."

"కల్పన అంటలేను. అబద్ధమంటున్న."

షబీనా నోటుబుక్కు తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది. ఆ కథ నాలుగుసార్లు రాసింది. మొదటి మూడుసార్లూ ఆయన ఎర్ర పెన్నుతో దిద్దాడు.

"గిది మొదటిసారి మీరు రాసిన మాట. 'చూడనిది రాయకు. ఆమె దుఃఖం కొండంత అని రాస్తె కొండ కనవడ్తది గాని ఆమె కనవడదు.' కొట్టేసిన. గిది రెండోసారి. 'ఏం అనుకున్నదో చెప్పకు, చేతులేం చేసినయో చెప్పు.' రాసిన. రొట్టె తుంచే చేతులు, నాకిన వేళ్లు, అన్నీ రాసిన. మూడోసారి మీరేం రాసిన్రు సారూ? మీరే చదువున్రి."

సంజీవ సారు చదవలేదు. ఆయనకు గుర్తుంది. ముగింపులో బలం లేదు, ఉద్యమం రావాలె, అని రాశాడు.

"ప్రత్యేక సంచిక అది," అన్నాడు. "ఒక ఇంట్ల తాళం కథ ఎట్ల ఏస్తం అందుల?"

"ఏయకపోతుంటిరి."

"నేను నీ చెయ్యి పట్టి రాయించలే."

"అవు. మీరు రాయించలే. నా పేరు అచ్చుల చూసుకోవాలనుకున్న నేను. గందుకే రొట్టె తీసేసి మొక్కు పెట్టిన. ఆమె కంట్ల నీళ్లు కూడా నేనే పెట్టిన. ఒక్క చుక్క చూడలే నేను." షబీనా ఆఖరి పేజీ తిప్పి చూపించింది. "మీరు నాకు నేర్పినయన్ని నేను ఆఖరి పేజీల ఇడిసిపెట్టిన. మీరు చూసి కూడ దిద్దకపోతిరి. పైకెంచి నూటికి నూరు ఏసిన్రు."

"మెల్లగ మాట్లాడు. అందరున్నరు."

"ఇప్పుడైన చెప్పున్రి. గా ముగింపు తప్పని రేపు మైకుల చెప్పున్రి."

సంజీవ సారు కళ్లద్దాలు తీసి తుడిచాడు. "చూడు బిడ్డా. ఇరవై రోజులాయె సమ్మె. టెంటు నడిపించేది కొండలే. ఇయ్యాల ఆయన ఇంటి సంగతి బయటికొస్తె నవ్వేటోళ్లకు సందు దొరుకుతది. తెలంగాణ రానీ. అప్పుడు రాద్దాం గిసొంటి కథలన్ని. నువ్వే రాద్దువు."

"అప్పటిదాక రాజమణక్క ఉంటదా?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"నీకు జరమొచ్చిందని చెప్త. రేపు రాకు," అన్నాడు చివరికి.

"నేను రాకుంటె మీరు చదువుతరు."

షబీనా ఆయన ఒళ్లోంచి నోటుబుక్కు లాక్కుంది.

మధ్యాహ్నం కొండల్ తల్లి కోడలిని తీసుకుని వచ్చింది. ముసలామె పరదాకు రెండడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. గనీ బుక్కు తెరిచి పెన్సిలు పట్టుకున్నాడు. పరదా లోపల షబీనా, రాజమణి ఇద్దరే.

రాజమణి కొంగు తీసి మేకుకు వేసింది. చేతులు రెండూ పక్కలకు చాచి నిలబడింది. ప్రతిసారీ నిలబడేట్టే.

"అక్కా..." షబీనా గుసగుసగా అంది.

"పని చూడు."

"భుజం పన్నెండున్నర!" షబీనా బయటికి అరిచింది. మళ్లీ గొంతు తగ్గించింది. "నన్ను తిట్టక్కా."

"తిట్టుడెందుకు? పెద్దదానివైనవ్. మైకులకు ఎక్కినవ్." రాజమణి పెదవులు కదలకుండా మాట్లాడుతోంది. "ఈ ఊర్ల నన్ను చూసింది నువ్వొక్కదానివే. మొగడు చూడలే, అత్త చూడలే. వాడకట్టు అందరికీ నేను ఏదో రోగమొచ్చి ఎండుతున్న. నువ్వు చూసినవ్. చూసి గిట్ల రాసినవ్."

"చెయ్యి పొడుగు ఎనిమిది!"

"ఏందే గంతసేపు?" బయటి నుంచి ముసలామె. "కొలతకు ఆది జాకెట్ ఇస్తె పోయేది."

"ఆది జాకెట్ వదులైంది పెద్దమ్మా!" అని షబీనా, వెంటనే మెల్లగా, "నేను భయపడ్డ అక్కా," అంది.

"భయపడితె రాయకపోతుంటివి. నన్ను ఎందుకు ఏడిపిచ్చినవ్ కథల? నేనెప్పుడన్న నీ ముందల ఏడ్చిన్నా?"

"లేదు."

"తాళమేసిన్నాడు ఏం చేసిన్నో తెలుసా? బర్రెలకు పోసే తవుడు జల్లెడ పట్టి రొట్టె చేసుకున్న. మా అత్త తానానికి పోతె చెంబు పాలు గుంజుకొని తాగి, బర్రె తన్నిందని చెప్పిన. మందిది పచ్చి మక్కకంకి తెంపుక తిన్న. దొంగతనం చేసిన. నీ కథల నేను దేవతనైన. దేవతకు ఆకలెక్కడిది? గందుకే తీసుకపోయి దీక్షల కూసోబెడుతున్నరు."

షబీనా టేపు ఆమె ఛాతీ చుట్టూ తిప్పింది. వేళ్ల కింద ఎముకలు ఒక్కొక్కటిగా తగులుతున్నాయి. అంకె చూసి, టేపు విప్పి మళ్లీ చుట్టింది.

"చెప్పు," అంది రాజమణి. "గట్టిగ చెప్పు. మీ బాపు ఎదురు చూస్తున్నడు."

"ఛాతీ ఇరవై ఏడు!"

పరదా బయట పెన్సిలు చప్పుడు వినిపించలేదు.

"ఒక మూడు ఇంచులు వదులు పెట్టి కుట్టు గనీ," అంది ముసలామె. "పైనుంచి దండలేస్తరు. ఏం తెలుస్తది?"

రాజమణి నవ్వింది. ఆ నవ్వును చూసి షబీనాకు ఒళ్లు మండింది. అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు. ముసలామె మీద, కొండల్ మీద, తండ్రి మీద, అన్నిటికన్నా ఎక్కువగా ఆ అచ్చుపేజీ మీద.

"తరిగొప్పుల పో అక్కా."

"అమ్మ పోయినంక ఆడ ఇల్లు లేదు. పొలమే ఉన్నది. పొలంల పండుకుంటనా?" రాజమణి కొంగు మేకు మీది నుంచి తీసుకుంది. "సంతకం మాత్రం పెట్టలే. ఏడాదాయె. ఒక్క గీత గియ్యలే. గది ఎందుకు రాయలేదే నువ్వు? గంత పెద్ద ముచ్చట నీకు కనవడలేదా?"

కనబడలేదు. ఎముకలు కనబడ్డాయి, వేళ్లు కనబడ్డాయి. ఏడాదిగా పెట్టని సంతకం కనబడలేదు. షబీనా టేపును పిడికిట్లో నలిపేసింది.

"రాస్తె... నీకేమన్న అయితదేమో."

"రాయకుంటె ఏమైతదో నీ టేపు చెప్పలేదా?"

"రాయమంటవా అక్కా? ఉన్నదున్నట్టు?"

ముందుసారి అడగని మాట అది. రాజమణి జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ ఆమెను పైనుంచి కిందికి చూసింది, ఈసారి కొలత తీసేది తానైనట్టు.

"దొంగతనాలు కూడ రాయాలె," అంది. "పాలు, మక్కకంకి, అన్ని. ఒక్కటి ఇడిసిపెడితె ఊకోను."

పరదా తీసి బయటికి పోయింది. అత్త చెయ్యి పట్టుకుని లేపి, తలవంచుకుని నడిచింది.

ఆ మధ్యాహ్నమంతా తండ్రి మిషను దగ్గర, కూతురు కిటికీ దగ్గర. షబీనా రాసింది కొట్టేసింది, కొట్టేసింది మళ్లీ రాసింది. 'నిస్సహాయ' అనే మాట పడగానే పెన్ను గుచ్చి కాగితం చింపేసింది. పచ్చి మక్కకంకి తెంపే మనిషి నిస్సహాయ ఎట్లా అవుతుంది? కోపంలో వాక్యాలు పొడుగవుతున్నాయి. పొడుగైన ప్రతి వాక్యంలోనూ ఆమెకు రాజమణి కాకుండా తానే కనబడుతోంది. వాటిని కోసేసింది. చివరికి రెండు పేజీలు మిగిలాయి. రొట్టె ఉంది, తవుడు ఉంది, తాళం ఉంది, పెట్టని సంతకం ఉంది. కన్నీరు లేదు. తెలంగాణ అన్న మాట కూడా లేదు.

మిషను ఆగింది.

"మళ్ల ఆమెదేనా?" అన్నాడు గనీ, తెల్ల జాకెట్టు తిరగేస్తూ.

"అవు."

"అడిగినవా ఆమెను?"

"అడిగిన."

గనీ దారం కొరికి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

మర్నాడు పదింటికి టెంటు నిండిపోయింది. ముందు వరుసలో ఊరి పెద్దలు, వెనుక తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు. పరుపు మీద తెల్ల జాకెట్టుతో రాజమణి. బంతిపూల దండ ఆమెకన్నా లావుగా ఉంది. కొండల్ మైకు పట్టుకుని తన ఇల్లాలి త్యాగం గురించి పది నిమిషాలు చెప్పాడు. చెప్పి, మైకు షబీనా చేతికి ఇచ్చాడు.

షబీనా చేతిలో పత్రిక లేదు. రెండు కాగితాలు ఉన్నాయి. సంజీవ సారు వాటిని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"మొన్న మీరు విన్న కథల ఆఖరి మాటలు అబద్ధం," అంది షబీనా. మైకులో ఆమె గొంతు ఆమెకే పరాయిదిగా వినిపించింది. "అవి నేను చూసినయి కాదు. చూసింది ఇప్పుడు చదువుత. 'ఆమె పళ్లెం కింద పెట్టలేదు. రెండు రొట్టెలు నిలబడే తిన్నది. ఇంకోటి ఉన్నదా అని అడిగింది. ఆమె ఏ మొక్కూ మొక్కుకోలేదు. వాళ్లింట్ల బియ్యం అర్రకు తాళం ఉన్నది...'"

కొండల్ వంగి వైరు పీకేశాడు.

మైకు మూగబోయింది. వైరు కొస సంజీవ సారు కాళ్ల దగ్గర పడింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, మైకు పెట్టెలో గుచ్చకుండా, అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

"వినవడ్తలే!" వెనుక నుంచి ఒక ఆడగొంతు. తండా ఆడవాళ్లకు పెద్ద తుల్సీబాయి. "జర గట్టిగ చదువు బేటీ!"

షబీనా పుట్టి బుద్ధెరిగి గట్టిగా మాట్లాడింది పరదా లోపలే, అంకెలే. ఆమె మైకు కింద పెట్టింది. ఊపిరి పీల్చుకుని, కొలత చెప్పినట్టు చదివింది. తవుడు రొట్టె చదివింది. పాలచెంబు చదివింది. పచ్చి మక్కకంకి దగ్గర తండా ఆడవాళ్లలో ఎవరో "అయ్యో" అనబోతే తుల్సీబాయి మోచేత్తో పొడిచింది. రెండెకరాలు, తాళం, ఏడాదిగా పెట్టని సంతకం. చదవడం అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఎవరిదే గా కథ?" అంది తుల్సీబాయి.

షబీనా నోరు తెరవకముందే పరుపు మీది నుంచి జవాబు వచ్చింది.

"నాది."

తుల్సీబాయి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. నడుముకు కట్టుకున్న సద్దిమూట విప్పి, గిన్నె రాజమణి ఒళ్లో పెట్టింది. పులుసు కలిపిన అన్నం. వాసన మొదటి వరుస దాకా వచ్చింది.

"రాజమణీ," అన్నాడు కొండల్. ఇప్పుడు నవ్వు మూతి మీద కూడా లేదు. "దీక్ష టెంట్ల కూసోని ముద్ద నోట్ల పెట్టినవంటె, ఊరంత ఇనంగ చెప్తున్న, నా గడప తొక్కకు."

రాజమణి దండ తీసి పక్కన పెట్టింది. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. తొందరపడకుండా నమిలింది, మింగింది. ఇంకో ముద్ద. టెంటులో ఆ నమిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"పులుపు మంచిగున్నది," అంది తుల్సీబాయితో.

గిన్నె సగం అయ్యాక లేచి నిలబడింది. లేవడానికి తుల్సీబాయి భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

"గడప నీదొక్కనిదే కాదు," అంది కొండల్ ముఖంలోకి చూస్తూ. "నేను ఇంటికే పోతున్న. అర్ర తాళం పలగ్గొడ్త. వచ్చేటోళ్లు రాండ్రి."

కొండల్ మనుషులు నలుగురు టెంటు ముందు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. తుల్సీబాయి రాజమణి పక్కన నిలబడింది. షబీనా కాగితాలు మడిచి ఇంకో పక్కన నిలబడింది. ముగ్గురే. ముందు వరుసలో ఒక్కరూ లేవలేదు. సంజీవ సారు వైరు కొస వైపే చూస్తున్నాడు.

అప్పుడు రోడ్డవతల పెద్ద చప్పుడైంది. పట్టపగలు, ఎన్ని బందులు జరిగినా సగమన్నా తెరిచి ఉంచే అబ్దుల్ గనీ దుకాణం షట్టర్ నేల దాకా దిగింది.

షబీనా మునివేళ్ల మీద లేచి చూసింది. జనం అడ్డం. అబ్బా షట్టర్ లోపల ఉన్నాడో, బయట ఉన్నాడో ఆమెకు కనబడలేదు.